సున్నా పెండింగు సూర్యుడు

బోడికొండ మీద సూర్య పరిశీలనా కేంద్రం ఎందుకు వెలిసిందంటే, ఆ చుట్టుపక్కల వాన పడదు గనక. వాన కావాలని అడిగిన జనానికి ప్రభుత్వం వాన తెప్పించలేకపోయింది, టెలిస్కోపు తెప్పించింది. మబ్బులేని ఆకాశం ఎక్కడ దొరుకుతుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు దేశమంతా వెతుక్కుంటూ వచ్చినప్పుడు, ఆ జిల్లా వేరుశెనగ రైతులందరూ ఒక్కసారే తల ఎత్తి పైకి చూపించారట. అలా ఆ ఊళ్లకు ఎండ వల్ల కలిగిన ఏకైక లాభం ఆ కేంద్రమే.

ఆ కొండ మీద అందరికన్నా పాతకాపు కుళ్లాయప్ప. పేరుకు సీనియర్ పరిశీలకుడు, డాక్టరేటు కూడా ఉంది గాని, ఆయన చేసే పని చూస్తే చదువుకోని వాళ్లకు కూడా ఇట్టే అర్థమవుతుంది. పొద్దున గాలి నిలకడగా ఉండగానే గుమ్మటం తలుపు తెరిచి, టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పి, దాని వెనక బిగించిన చెక్కపలక మీద ఒక తెల్ల కాగితం పెడతాడు. పళ్లెమంత సూర్యుడు వచ్చి ఆ కాగితం మీద పడతాడు. ఆ బింబంలో నల్లగా కనిపించే మచ్చలను ఉన్నవి ఉన్నచోటే పెన్సిల్‌తో గీసి, తేదీ వేసి, కింద సంతకం పెడతాడు. పక్క గదిలో కూర్చునే ఉద్యోగిని మాబున్నీ, ఆ కాగితాన్నీ తన యంత్రాల లెక్కలనూ ముందు పెట్టుకుని, సూర్యుడు రాబోయే రెండు మూడు రోజుల్లో ఎంత అల్లరి చేస్తాడో అంచనా రాస్తుంది. విమానాల వాళ్లు, ఉపగ్రహాల వాళ్లు, కరెంటు వాళ్లు ఆ అంచనాను చదువుకుని జాగ్రత్తపడతారు.

కేంద్రం పుట్టిన నాటి నుంచి అలాంటి కాగితం లేని రోజు ఒక్కటీ లేదు. మబ్బు పట్టిన రోజున ఖాళీ వలయం గీసి 'మబ్బు' అని రాసి సంతకం పెడతారు. కుళ్లాయప్పకు ముందు అక్కడ గీసిన పెద్దాయన పలకను అప్పజెబుతూ చెప్పిన శిక్షణ అంతా ఒక్క మాటలో అయిపోయింది: చూసింది గీయి, చూడనిది గీయకు. కుళ్లాయప్ప ఆ మాట మీద ఎంత గట్టిగా నిలబడ్డాడంటే, తన పెళ్లి ముహూర్తానికి కూడా ఆలస్యంగానే చేరాడు. కారణం అడిగితే ఆ రోజు మచ్చలు ఎక్కువగా ఉన్నాయన్నాడు. మామగారు దాన్ని ఇంకోలా అర్థం చేసుకుని చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు.

ఇలా హాయిగా జరుగుతున్న కాలంలో కేంద్రానికి ప్రత్యేకాధికారిగా ప్రభంజనరావు గారు వచ్చారు. అంతకుముందు ఆయన ఫిర్యాదుల పరిష్కార విభాగంలో ఉండేవారు. అక్కడ ఆయన సామర్థ్యం ఎలాంటిదంటే, ఫిర్యాదు ఇచ్చిన మనిషి బస్సెక్కి ఇంటికి చేరేలోగా 'మీ సమస్య పరిష్కరించబడినది' అని ఫోన్లో సందేశం వచ్చేది. ఇంటికి వెళ్లి చూస్తే సమస్య గుమ్మంలోనే కూర్చుని ఉండేది. అయినా సందేశం వచ్చింది కదా అని మనిషికి ఒక తృప్తి.

ఆయన రాగానే చేసిన మొదటి పని, రాష్ట్రంలోని అన్ని కార్యాలయాలకూ ఉన్న పట్టికలో ఈ కేంద్రాన్ని కూడా చేర్పించడం. ఆ పట్టికలో ఉన్నవి మూడే గళ్లు: నమోదైనవి, పరిష్కరించినవి, పెండింగులో ఉన్నవి. కొండ మీద రోజూ నమోదు చేసేది సూర్యుడి మచ్చలను కాబట్టి మొదటి గడిలో మచ్చలు పడ్డాయి. రెండో గడిలో సున్నా పడింది. మూడో గడి ఎర్రగా వెలిగి, రాష్ట్రం మొత్తం మీద బోడికొండ ఆఖరి స్థానంలో నిలిచింది.

ప్రభంజనరావు గారు ఆ సాయంత్రమే సమీక్షా సమావేశం పెట్టారు. హాజరైనవాళ్లు ఇద్దరే, కుళ్లాయప్పా, మాబున్నీ. అయినా ఆయన మైకు ముందు కూర్చునే మాట్లాడారు.

"గత మూడు సంవత్సరాలుగా మచ్చలు నానాటికీ పెరుగుతున్నట్టు మీ నివేదికలే తెలియజేస్తున్నాయి. ఒక్క మచ్చనైనా పరిష్కరించిన దాఖలా లేదు. దీనిపై మీ వివరణ?"

కుళ్లాయప్ప లేచి నిలబడ్డాడు. "అది సూర్యుడి తత్వం సార్. పదకొండేండ్లకొక తూరి మచ్చలు బాగా ఎక్కువైతాయి, మళ్ల తగ్గిపోతాయి. ఇప్పుడు ఎక్కువయ్యే కాలం నడుస్తాండాది."

"అంటే పదకొండేళ్లకొకసారి ఇదే సమస్య వస్తుందని తెలిసి కూడా ముందస్తు చర్యలు చేపట్టలేదన్నమాట."

"ఏం చర్య చేపట్టాల సార్? పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం ఉండాది."

"దూరం సాకు కాజాలదు. ఏజెన్సీ గ్రామాల్లో మన సిబ్బంది ఎంతెంత దూరం నడిచి సేవలందిస్తున్నారో తెలుసా మీకు?"

మాబున్నీ తల వంచుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. కుళ్లాయప్పకు మాత్రం నవ్వు రాలేదు. ఎదుటి మనిషికి అర్థం కాలేదేమో, ఇంకా విడమరిచి చెబుదామన్న మాస్టారి బుద్ధి ఆయనది. ఆ బుద్ధే కొంప ముంచింది.

"సార్, అవేమీ శాశ్వతంగా ఉండేవి కావు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాండాడు గదా. మచ్చ తూర్పు అంచున పైకొస్తాది, రెండు వారాలు నడిచి పడమటి అంచున అవతలికి పోతాది. ఆ మీద మనకు కనపడదు."

ప్రభంజనరావు గారు కళ్లద్దాలు తీశారు. "కనబడదా? అంటే మన పరిధి దాటిపోతుంది?"

"దాటిపోతాది సార్."

"ప్రతి మచ్చా?"

"ప్రతి మచ్చా."

"మరి ఇన్నాళ్లూ పరిష్కరించిన గడిలో సున్నా ఎందుకు వేశారయ్యా!" అని ఆయన ఆనందం పట్టలేక మైకు మీద ఒక్కటి చరిచారు. "పరిధి దాటిన అంశం పరిష్కరించబడినట్టే. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది అదొక్కటే."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ఇందుమూలముగా ప్రతి మచ్చకూ ఒక ఫైలు నంబరు కేటాయించవలెననీ, సదరు మచ్చ పడమటి అంచును దాటిన వెంటనే ఫైలును శాశ్వతముగా మూసివేయవలెననీ, అంచు దాటుటలో జాప్యము జరిగిన యెడల సంబంధిత ఉద్యోగిని బాధ్యుని చేయడమగుననీ దాని సారాంశం. సూర్యుడు తన మామూలు వేగంతో తిరుగుతూ పోయాడు. ఫైళ్లు వాటంతటవే మూతపడుతూ పోయాయి. పట్టికలో ఎర్ర గడి నారింజ రంగుకు, నారింజ ఆకుపచ్చకు తిరిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఒకసారి పచ్చరంగు రుచి చూసిన అధికారికి మళ్లీ నారింజ మింగుడుపడదు. రెండో ఉత్తర్వులో, తూర్పు అంచున కొత్తగా ప్రవేశించే మచ్చలను మూడు రోజుల ప్రాథమిక పరిశీలన లేకుండా నమోదు చేయరాదన్నారు. మూడో ఉత్తర్వులో, చిన్న మచ్చలను తగినంత పరిమాణము లేదను కారణముపై తిరస్కరించాలన్నారు. నాలుగో దాంట్లో, పక్కపక్కన ఉన్న మచ్చలన్నిటినీ ఒకే కుటుంబంగా భావించి ఒకే ఫైలు ఇవ్వాలన్నారు. కేంద్రం మూడో స్థానానికి, ఆ మీద మొదటి స్థానానికి ఎగబాకింది. రోడ్ల గుంతల పని చూసే పెద్దమనుషులు కొందరు జీపుల్లో వచ్చి ఈ విధానాన్ని అధ్యయనం చేసి, గుంతలు పడమటికి జరగవని తెలిసి నిరాశగా కొండ దిగిపోయారు.

"అన్నా, నువ్వు చెప్పకపోయింటే ఈయప్పకు ఆ పడమటంచు సంగతే తెలిసేది కాదు గదా," అంది మాబున్నీ ఒకరోజు టీ తాగుతూ.

"పోనీలేమ్మా. పట్టికలో ఏమన్నా రాసుకోనీ. నా కాగితం జోలికి రానంతవరకు నాకేం నష్టం?"

"వస్తాడు సూడు," అంది మాబున్నీ. అంచనాలు రాయడం ఆమె ఉద్యోగం కాబట్టి కుళ్లాయప్ప ఆ మాటను తేలిగ్గా తీసుకోకుండా ఉండాల్సింది.

ఆ నెలలోనే తూర్పు అంచున ఒక మచ్చ తలెత్తింది. కుళ్లాయప్ప కాగితం మీద దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. రెండు వారాల కిందట పడమటికి పోయిన పెద్ద మచ్చే. అవతలి పక్క తిరుగుతూ బాగా ఒళ్లు చేసి వచ్చింది. "వచ్చినావా నాయనా!" అని నవ్వుకుంటూ దాన్ని గీశాడు. పోయిన మచ్చ చెదిరిపోకుండా తిరిగి రావడం పరిశీలకులకు పండగ లాంటిది. రోజూ అది కొంచెం కొంచెం మధ్యకు జరుగుతుంటే, ఆయనా రోజూ పెన్సిల్ చెక్కి దాని అంచులన్నీ పొందిగ్గా గీస్తూ వచ్చాడు.

కొండ కింద మైదానంలో మాత్రం అసలైన పండగకు పందిళ్లు లేస్తున్నాయి. పేరు 'సున్నా పెండింగు మహోత్సవం'. మంత్రిగారు వస్తున్నారు. సాయంకాలం చీకటి పడే వేళకు దీపాలు కట్టిన డ్రోన్లు వందలకొద్దీ ఆకాశంలోకి లేచి బ్రహ్మాండమైన సున్నా ఆకారంలో నిలబడాలి. దాని కింద మంత్రిగారు ప్రభంజనరావు గారికి శాలువా కప్పాలి.

మహోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం మాబున్నీ అంచనా కాగితం పట్టుకుని ప్రత్యేకాధికారి గదికి వెళ్లింది. కుళ్లాయప్ప ఆ రోజు గీసిన కాగితంతో వెనకే ఉన్నాడు.

"సార్, ఆ పెద్ద మచ్చ దగ్గర నిన్న పెద్ద పేలుడు జరిగినాది. దాని దెబ్బ రేపు సాయంత్రానికి భూమికి తగుల్తాది. మనుషులకేం కాదు గానీ, ఉపగ్రహాల నుంచి వచ్చే దారి లెక్కలు తప్పుతాయి. యాడ ఉండామో డ్రోన్లకే తెలీకుండా పోతాది. రేపొక్క దినం ఎగరేయొద్దండి."

ప్రభంజనరావు గారు కంప్యూటర్లో ఏదో వెతికి, తాపీగా తల ఎత్తారు. "మీరు ప్రస్తావించిన మచ్చ ఫైలు గత నెలలోనే మూసివేయబడింది."

"మూసినారు సార్, కానీ మళ్లా వచ్చినాది."

"శాశ్వతంగా మూసివేయబడిన అంశం తిరిగి ఉత్పన్నం కాజాలదు. ఉత్పన్నం కాని అంశం పేలజాలదు. పేలని అంశం గూర్చి అంచనా ఎలా పంపుతాం?" అంటూ ఆయన ఆకుపచ్చ సిరాతో ఆమె రాసిన నాలుగు వాక్యాలనూ కొట్టేసి, పైన తన చేత్తో రాశారు: 'రేపు సూర్యుడు కార్యక్రమానికి సహకరించును.'

ఆ తర్వాత కుళ్లాయప్ప చేతిలోని కాగితం అందుకుని, మధ్యలో ఉన్న మచ్చను వేలితో రుద్ది చూశారు. "ఇది చెరపండి."

"చెరపను సార్," అన్నాడు కుళ్లాయప్ప. ఆయన గొంతు అంత గట్టిగా పలకడం మాబున్నీ ఎన్నడూ వినలేదు. "పట్టికలు మీ ఇష్టం. ఇది మాత్రం కాదు. ఇది నేను నా కండ్లతో చూసి గీసినాను."

ప్రభంజనరావు గారికి కోపం రాలేదు. సమర్థులకు కోపం రాదు. బల్ల కింద నుంచి ఒక కట్ట తీసి ముందు పెట్టారు. నున్నటి కాగితాల మీద చక్కగా అచ్చైన వలయాలు, ఒక్క మచ్చ కూడా లేని సూర్యుళ్లు, ప్రతి దాని కిందా ముందే తేదీ, ముందే ఆయన సంతకం. "ఏడాదికి సరిపడా ముద్రింపజేశాం. మీ శ్రమ తగ్గించడమే మా ఉద్దేశం. ఎల్లుండి నుంచి మీరు పలక దగ్గరికి రానక్కర్లేదు. ఇవి రోజుకొకటి చొప్పున పైకి వెళతాయి. మీ పలకను ప్రదర్శనశాలలో పెడతాం."

కుళ్లాయప్ప బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఇంతమంది చూసింది చూసినట్టు గీసిన వరుస తన చేతుల్లో తెగిపోతోంది. ఆయన తరువాత వచ్చేవాళ్లు ఆ కట్టలు తిరగేసి, ఆ ఏడాది సూర్యుడు ఇంత శుభ్రంగా ఉన్నాడా అని నమ్ముతారు. దానికన్నా మబ్బు నయం. మాబున్నీ వచ్చి పక్కన కూర్చుంది.

మహోత్సవం రోజు పొద్దున కుళ్లాయప్ప తన ఆఖరి కాగితం అనుకున్నది గీశాడు. సాయంత్రం సిబ్బంది హాజరు తప్పనిసరి అన్నారు కాబట్టి, ఇద్దరూ వెళ్లి ఉగ్గాని బజ్జీల అంగడి పక్కన నిలబడ్డారు. బ్యాండు మోగింది. డ్రోన్లు బిలబిలమంటూ లేచి, నిజం చెప్పాలంటే చాలా అందంగా, ఆకాశంలో గుండ్రటి సున్నా కట్టాయి. జనం చప్పట్లు కొట్టారు. ప్రభంజనరావు గారు శాలువా కోసం భుజాలు కాస్త వంచారు.

అప్పుడే సున్నాకు నడుము సన్నబడింది. పైన ఒక గుండు, కింద ఒక గుండు అయ్యాయి.

"ఎనిమిది లాగా ఉందేమిటి?" అన్నారు మంత్రిగారు.

"ఎనిమిది శాతం వృద్ధి సార్," అన్నారు ప్రభంజనరావు గారు తడుముకోకుండా.

ఆ వృద్ధి అక్కడ నిలవలేదు. ఎనిమిది కాస్తా సాగి సొరకాయ అయింది, సొరకాయ పగిలి నాలుగు దిక్కులకూ చెదిరింది. కొన్ని డ్రోన్లు వేరుశెనగ చేలల్లో మెల్లగా దిగి పడుకున్నాయి. ఒకటి బజ్జీల అంగడి పందిరి మీద వాలి ఎర్రగా కన్ను కొట్టసాగింది. ఇంకొకటి నేరుగా వేదిక మీదికి వచ్చి, పళ్లెంలో ఉన్న శాలువాను తన కాళ్లకు తగిలించుకుని, పెన్నా నది వైపు ఎగిరిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లలైతే, మళ్లీ ఎగరేయమని ఒకటే కేకలు. మంత్రిగారు మాత్రం ఒక్క మాటే చెప్పి కారెక్కారు: "పొద్దునకల్లా దీనికి బాధ్యులెవరో నాకు తెలియాలి."

ప్రభంజనరావు గారికి ఆ రాత్రి కునుకు లేదు. పొద్దున్నే ఇద్దరినీ పిలిపించారు. మాబున్నీని బాధ్యురాలిని చేద్దామంటే, ఆమె హెచ్చరిక కాగితం మీద ఆకుపచ్చ సిరా గీతలున్నాయి. కుళ్లాయప్పను చేద్దామంటే ఆయన చెరపనని చెప్పినవాడు. ఆకుపచ్చ సిరా వాడే మనిషి ఆ కొండ మీద ఒక్కరే. ఆ పేరు తప్ప ఇంకేదైనా ఆయనకు సమ్మతమే.

"సూటిగా ఆలోచిద్దాం," అన్నారు ఆయన. "పేలింది ఎవరు?"

"సూర్యుడు సార్," అన్నారు ఇద్దరూ.

"అనుమతి తీసుకున్నాడా?"

"లేదు సార్."

"అయితే సంజాయిషీ అడగవలసింది ఆయన్నే." ఆయన ముఖం వికసించింది. అరగంటలో నోటీసు తయారైంది. 'శ్రీ సూర్యుడు గారికి. మీ ఫైలు మూసివేయబడియున్నను, మీరు క్రమశిక్షణారహితముగా ప్రవర్తించి ప్రభుత్వ కార్యక్రమమునకు భంగము కలిగించినందున, మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను.' సూర్యుడు రోజూ సాయంత్రానికల్లా కనబడకుండా పోతాడు కాబట్టి తపాలా ద్వారా కాక, చేతికే ఇచ్చి స్వీకర్త సంతకం తీసుకురావాలని చివర ప్రత్యేకంగా రాశారు. ఎవరు వెళ్లాలన్నది తేలడానికి ఆట్టే సేపు పట్టలేదు. సూర్యుడితో రోజువారీ సంబంధాలున్న ఉద్యోగి ఆ కార్యాలయంలో ఒక్కడే.

కుళ్లాయప్ప నోటీసు పట్టుకుని గుమ్మటంలోకి వెళ్లాడు. ఏం చెయ్యాలో తోచక దాన్ని తిరగేశాడు. వెనక వైపు తెల్లగా ఉంది. పలక మీద బోర్లించి నాలుగు మూలలా క్లిప్పులు పెట్టి, టెలిస్కోపును తిప్పాడు. పళ్లెమంత సూర్యుడు ఏ అభ్యంతరమూ లేకుండా వచ్చి నోటీసు మీద కూర్చున్నాడు. పెద్ద మచ్చ ఇంకాస్త పడమటికి జరిగింది. దాని పక్కన రెండు పిల్ల మచ్చలు. కుళ్లాయప్ప చెయ్యి తనంతట తానే పెన్సిల్ అందుకుంది. గీయడం అయ్యాక తేదీ వేసి, సాక్షిగా కింద సంతకం పెట్టాడు.

"ఇదేమిటి?" అన్నారు ప్రభంజనరావు గారు.

"సూర్యుడి సంతకం సార్. నా ఎదురుగానే పెట్టినాడు."

ప్రభంజనరావు గారు దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. ముందురోజు కాగితం తెప్పించి పక్కన పెట్టి పోల్చారు. "నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంది. ఫోర్జరీ అని పైవాళ్లు అంటే?"

"ఆయప్ప సంతకం దినానికొక తీరుగా ఉంటాది సార్," అంది మాబున్నీ, కుళ్లాయప్ప నోరు తెరిచే లోపలే. "నమూనాలు దినామూ తీసుకుని ఫైలు చేసుకుంటే తప్ప పోల్చుకోలేం. అచ్చు వేసినవి పనికిరావు. స్వహస్తంతో పెట్టిందే ఉండాల."

నమూనా సంతకం అన్న మాట వినగానే ప్రభంజనరావు గారికి ప్రాణం లేచొచ్చింది. అచ్చు సూర్యుళ్ల కట్టను అప్పటికప్పుడే ఉపసంహరించారు. స్వీకర్త సంతకాన్ని ప్రతి ఉదయం, ఎలాంటి చేర్పులూ చెరపడాలూ లేకుండా, ఉన్నది ఉన్నట్టుగా సేకరించవలెనని కుళ్లాయప్ప పేరిటే ఉత్తర్వు ఇచ్చారు. కుళ్లాయప్ప దాన్ని రెండుసార్లు చదివి, కళ్లు తుడుచుకుని, జేబులో పెట్టుకున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. నోటీసుకు జవాబు ఎన్నాళ్లలో వస్తుందో మంత్రిగారికి తెలియజేయాలి. ప్రభంజనరావు గారు అధికారికంగా మాబున్నీని అంచనా అడిగారు. ఆమె రెండు రోజులు లెక్కలు వేసినట్టు నటించి, శుభ్రంగా రాసి ఇచ్చింది: 'సూర్యుడు ఇంకా సుమారు ఐదు వందల కోట్ల సంవత్సరములు వెలుగును. ఆ లోపల ఎప్పుడైనను జవాబు రావచ్చును.'

ఆమె రాసిన అంచనాల్లో ఆయన ఒక్క అక్షరమూ దిద్దకుండా సంతకం పెట్టింది అదొక్కటే. దాని కిందే ఆకుపచ్చ సిరాతో రాశారు: 'గడువు పొడిగించడమైనది. అంతవరకు పరిశీలకుడు ప్రతిదినము సంతకము సేకరించుచుండవలెను.'